కంఠములో ముల్లు

ఏలూరు నుండి తాడేపల్లిగూడెము వైపు పోవు రైలుమార్గములో భీమడోలు ఒక స్టేషను. ద్వారకా తిరుమలకు పోవు యాత్రికులు ఇక్కడ దిగుదురు. ఊరికి ఉత్తరమున మెట్టసీమ, దక్షిణమున కొల్లేటి పల్లము. పల్లపు చేపయు, మెట్ట చింతపండును, వేరుసెనగయు ఒకే వంటింటికి చేరెడి ఊరు ఇది. ఈ మూడింటిలోను పసిబిడ్డ కంఠమున పట్టెడి వస్తువు ఒక్కొక్కటి దాగి ఉన్నది. చేపలో ముల్లు, చింతపండులో గింజ, వేరుసెనగలో పప్పు. కనుక మేము చెప్పబూనిన చరిత్రను ఏ మహానగరపు వైద్యశాలనుండియో కాక, ఈ ఊరి భోజనపు పీటనుండియే ప్రారంభించుట సమంజసమని తలచినాము.

ఆ దృశ్యము మనలో అనేకులు ఎరిగినదే. పిల్లవాడు అన్నము తినుచు తినుచు ఒక్కసారిగా ఆగిపోవును. కన్నులు పెద్దవి చేయును. దగ్గబోవును, దగ్గు రాదు. ఏడ్వబోవును, ఏడ్పు రాదు. ఇంటిల్లిపాదియు లేచి చుట్టుముట్టుదురు. ఒకరు నోటిలో వ్రేలు పెట్టి కెలుకుదురు. ఒకరు ఉత్త అన్నపు ముద్ద మింగుమందురు, అరటిపండు తెమ్మందురు. ఒకరు కాళ్లు పట్టుకొని తలక్రిందులు చేయుదురు. పొలమారినది కాబోలు, ఎవరో తలచుకొన్నారని పెద్దమ్మ నడినెత్తిన తట్టును. ప్రేమకు లోటు లేదు, తొందరకు లోటు లేదు. కాని ఇన్ని చేతులలో మేలు చేసెడి చెయ్యి ఏది, గాయము చేసెడి చెయ్యి ఏది? ఈ చిన్న ప్రశ్నకు జవాబు తెలిసికొనుటకు మానవులకు ఇంచుమించు రెండువేల యేండ్లు పట్టినది. ఆ జవాబులో ముఖ్యమైన భాగము ఒక్క మాటలో చెప్పవచ్చును: కంటికి కనబడని వస్తువు కొరకు కంఠములో చెయ్యి పెట్టరాదు. ఈ ఒక్క మాటను నేర్చుకొన్న చరిత్రయే నేటి మా ప్రసంగము.

ముందుగా కంఠము యొక్క కట్టుబాటు కొంత తెలియవలెను. నోటి వెనుక రెండు దారులు కలవు. ముందున్నది గాలి పోవు శ్వాసనాళము. దాని వెనుక నున్నది అన్నము పోవు అన్ననాళము. మింగునప్పుడు గాలిదారి పైన మెత్తని మూత వాలి దానిని కప్పును. మింగుచున్న క్షణమున నవ్వినను, ఏడ్చినను, పరుగెత్తినను, ఆ మూత సమయమునకు మూసికొనదు. అదియే మనము పొలమారుట అనెడిది. పెద్దవారిలో ఒక దగ్గుతో పోవు ఈ పొరపాటు పసివారిలో ప్రాణము మీదికి వచ్చుటకు కారణములు స్పష్టముగా ఉన్నవి. వారి శ్వాసనాళము ఇంచుమించు వారి చిటికెనవ్రేలంత మాత్రమే. పప్పులను నమిలి నలుగగొట్టు దవడపండ్లు రెండున్నర, మూడేండ్లకు గాని పూర్తిగా రావు. దగ్గుటకు తగిన బలము లేదు. పైగా ఆ వయస్సున లోకమును ఎరుగుటకు వారికున్న సాధనము నోరే. చేతికి దొరికిన ప్రతి వస్తువును వారు నోటితోనే పరీక్షింతురు. అందుచేతనే ఏ దేశమున చూచినను ఇట్టి ప్రమాదములకు గురియగువారిలో మూడేండ్లలోపు బిడ్డలే ఎక్కువ.

ఇక ప్రాచీనుల మాట. శల్యవైద్యమునకు మన దేశమున ప్రామాణిక గ్రంథము సుశ్రుతసంహిత. దాని సూత్రస్థానములో 27వ అధ్యాయము, శరీరమున చొచ్చిన శల్యములను, అనగా ముల్లు, ఎముక, బాణపు మొన మొదలగు పరాయి వస్తువులను తీయు పద్ధతులకే ప్రత్యేకింపబడినది. అందు కంఠమునకు చోటు కలదు. ఎముక గాని మరొకటి గాని కంఠమున అడ్డముగ తగుల్కొన్నచో, వెండ్రుకల ఉండ నొకదానిని గట్టి దారమునకు కట్టి, పలుచని ఆహారముతో కలిపి మింగించవలెనట. పిదప వాంతి చేయించవలెను. వెండ్రుకలలో ముల్లు చిక్కుకొన్నదని తోచినప్పుడు దారమును లాగవలెను. పండ్లుతోము పుల్లను కుంచెవలె నమిలి మెత్తపరచి, దానితో తీయుటయు చెప్పబడినది. లక్కముక్క కంఠమున పట్టినచో, ముందుగా ఒక గొట్టమును లోనికి పంపి, ఆ గొట్టములోనుండి కాల్చిన శలాకను పోనిచ్చి, అది లక్కకు అంటుకొన్న తరువాత చన్నీటితో చల్లార్చి, రెంటిని కలిపి వెలికి తీయవలెను.

ఈ చివరి ఉపాయమును పాఠకులు కొంచెము నిదానించి చూడవలెనని మా మనవి. కాలిన శలాక కంఠపు గోడను తాకరాదని, దానికి రక్షణగా ముందు గొట్టమును పంపుట! వస్తువును తీయుట ఎంత ముఖ్యమో, తీయుచు గాయపరచకుండుట అంత ముఖ్యమని ఆ శల్యవైద్యునకు తెలియును. గాయపడిన కంఠమునకు తేనెయు నేయియు నాకించవలెనని, లేదా త్రిఫలాచూర్ణమును తేనె చక్కెరలతో కలిపి ఇయ్యవలెనని కూడ ఆ అధ్యాయమే విధించుచున్నది. కబళము అడ్డుపడినచో, రోగి ఎదురుచూడని సమయమున పిడికిలితో మూపుపై కొట్టవలెననియు అందు కలదు. నడినెత్తిన కాదు, మూపుపైన! దాని వెనుక నున్న అనుభవము ఎంతటిదో నేటి వైద్యము చూచినవారికి తెలియగలదు.

అయినను సుశ్రుతునికి ఒక కొరత ఉన్నది. ముల్లు ఎక్కడ ఉన్నదో ఆయన చూడలేడు. వెండ్రుకల ఉండ ముల్లును పట్టుకొన్నదో, మరింత లోతునకు దిగగొట్టినదో చేతికి తెలియవలసినదే కాని కంటికి తెలియదు. తీయుటకు వీలుకానిచో లోపలికి నెట్టుమని కూడ ఆయన అనుమతి ఇచ్చినాడు. కొల్లేటి గ్రామములలోను, ఆమాటకు వచ్చిన తెలుగుదేశమంతటను మనవారు మింగించు ఉత్త అన్నపు ముద్ద ఈ నెట్టుడు చికిత్సకే దగ్గర చుట్టము. సన్నని ముల్లు అయినచో ఒక్కొక్కప్పుడు ముద్దతో జారిపోవును. ఆ ఒక్కొక్కప్పుడే ఆచారమునకు ఊపిరి పోసినది. కాని అడ్డముగ గుచ్చుకొన్న గట్టి ముల్లు ముద్ద బరువుతో కంఠపు గోడలోనికి ఇంకను దిగును. అన్ననాళము చిల్లుపడినచో చీము పట్టి రొమ్ములోనికి ప్రాకును. కొరమేనువంటి చేపలో చిన్న ముండ్లు తక్కువ. శీలావతి, బొచ్చె జాతులలో కండల నడుమ చీలికొనలతో సన్నని ముండ్లు దాగి ఉండును. 1970ల తరువాత కొల్లేటి ప్రాంతమున చేపల చెరువులు విస్తరించి, ఈ రెండు జాతులే పెంపకమునకు ప్రధానమైనవి. కనుక ముల్లేరిన పిదపనే పిల్లవానికి ముద్ద పెట్టెడి తల్లి ఓర్పు నేడు పూర్వము కంటె అవసరము.

ఈ చూడలేని కొరత మన దేశమునకే పరిమితమైనది కాదు. ఇంగ్లండు దేశపు చరిత్రలోనుండి ఒక సంఘటన చెప్పెదము. గ్రేట్ వెస్టర్న్ రైలుమార్గమును నిర్మించిన మహా ఇంజనీరు ఇసాంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్ 1843 ఏప్రిల్‌లో తన పిల్లలకు గారడీ చేసి చూపించుచు ఒక బంగారు అర్ధసవరను నోట పెట్టుకొన్నారు. అది జారి శ్వాసనాళపు కొమ్మలో పడినది. ఆనాటి ప్రసిద్ధ శస్త్రవైద్యుడు సర్ బెంజమిన్ బ్రోడీ వచ్చినారు. తలక్రిందులు చేసి చూచిన, ఊపిరాడని దగ్గు వచ్చినది, ఆపివేసినారు. శ్వాసనాళమునకు కంఠమువద్ద రంధ్రము చేసి, పొడవైన పట్టుకారు పంపినారు. చీకటిలో అది నాణెమును అందుకొనలేదు. తుదకు మే నెలలో ఆయనను ఒక పలకకు కట్టి మరల తలక్రిందులు చేయగా, వీపు తట్టగా, నాణెము నోటినుండి జారి పడినది. ఇంచుమించు ఆరు వారములు ఒక మహారాజ్యపు రాజధాని ఆ నాణెము సంగతియే మాటలాడుకొన్నది. మొదటిసారి ప్రాణాపాయమైన తలక్రిందుల పద్ధతి రెండవసారి ఎందుకు ఫలించినది? కంఠమున చేసిన రంధ్రము అప్పటికి ఊపిరికి మరొక దారిగా ఉన్నది. అట్టి దారి లేని పసిబిడ్డను కాళ్లు పట్టి వ్రేలాడదీసినచో, క్రింద నున్న వస్తువు స్వరపేటికకు వచ్చి పూర్తిగా మూసివేయవచ్చును. బ్రూనెల్ కథ మన ఇండ్లకు చెప్పెడి పాఠము ఇదియే.

కంఠములోనికి వెలుగు ప్రవేశించుటకు దారి చూపినవాడు వైద్యుడు కాడు; ఒక సంగీతాచార్యుడు. స్పెయిన్ దేశీయుడైన మాన్యుయెల్ గార్షియా తన స్వరము ఎట్లు పుట్టుచున్నదో కన్నులార చూడగోరి, 1854లో రెండు అద్దములను సూర్యకాంతికి ఎదురుగా త్రిప్పి, తన స్వరపేటికను తానే చూచుకొన్నారు. మరుసటి సంవత్సరము ఆ విషయమును లండను రాయల్ సొసైటీకి నివేదించినారు. 1868లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరమున ఆడోల్ఫ్ కుస్‌మౌల్ అను వైద్యుడు కత్తులు మింగు విద్యగల ఒకనిని పిలిపించి, వాని అన్ననాళములోనికి తిన్నని గొట్టమును పంపి లోపలికి చూడవచ్చునని నిరూపించినారు. గారడీవాడు తల వెనుకకు వాల్చినచో నోరు, కంఠము, అన్ననాళము ఒకే గీతలోనికి వచ్చునన్న సత్యము వైద్యునకు కత్తులు మింగువాని వలన తెలిసినది.

1895 మొదలు మూడు సంవత్సరములు మిక్కిలి ఫలవంతమైనవి. 1895 ఏప్రిల్‌లో బెర్లిన్ నగరమున ఆల్‌ఫ్రెడ్ కిర్‌స్టైన్ అద్దము లేకుండ స్వరపేటికను సూటిగ చూచినారు. ఆ యేడు నవంబరులో రాంట్‌జెన్ ఎక్స్ కిరణములను కనుగొన్నారు. మింగిన నాణెము ఎక్కడ నిలిచినదో శరీరమును కోయకుండ చూపగలిగిన వెలుగు అది. 1897 మార్చి 30వ తేదీన అదే ఫ్రైబుర్గ్‌లో గుస్తావ్ కిలియన్ 63 ఏండ్ల రైతు శ్వాసనాళములో చిక్కిన పంది ఎముకను, నోటి ద్వారముననే గొట్టము పంపి, కంటితో చూచుచు, పట్టుకారుతో తీసినారు. కంఠము కోయలేదు. చరిత్రలో శ్వాసనాళ దర్శనముతో వస్తువును తీయుట ఇదియే మొదలు. బ్రూనెల్‌కు ఆరు వారములు జరిగిన పోరాటము, 54 సంవత్సరముల పిమ్మట, ఒక పల్లెటూరి రైతునకు ఒక్క పూటలో ముగిసినది.

ఈ విద్యను పసిబిడ్డల రక్షణకు మలచిన ఘనత అమెరికా వైద్యుడు షెవాలియర్ జాక్సన్‌ది. 1865లో పిట్స్‌బర్గ్‌లో పుట్టి, ఫిలడెల్ఫియాలో పేరొంది, 1958లో మరణించినారు. బిడ్డల కంఠములకు తగిన సన్నని గొట్టములను, కొనయందు దీపము గలవానిని, ఆయన తీర్చిదిద్దినారు. తాము తీసిన వస్తువు లన్నింటిని పారవేయక భద్రపరచినారు. ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియములో ఆ వస్తువులు నేటికిని సొరుగులలో వరుసగా ఉన్నవి. వాని సంఖ్య రెండువేల మూడువందలకు మించినది. పిన్నీసులు, గుండీలు, నాణెములు, ఎముకలు, గింజలు, బొమ్మల ముక్కలు. అవి వింతల కొట్టు కావు. ఏ వస్తువు ఏ వయస్సువారికి ఎక్కడ పట్టును, దానిని ఎట్లు తీయవలెను అని రాబోవు వైద్యులకు బోధించు పాఠ్యపుస్తకము అది.

జాక్సన్ బోధించిన నియమములలో మొదటిది, కన్ను ముందు పోవలెను, పరికరము తరువాత పోవలెను, బలప్రయోగము కూడదు. నోరు తెరిచిన పిన్నీసు మొన పైకి ఉండి కంఠమున నిలిచినచో, దానిని లాగుట సులభము. లాగినచో గోడ చీలును. ఆయన దానిని లోపలనే మూసి గాని, మొన క్రిందికి వచ్చునట్లు త్రిప్పి గాని తీయుటకు పద్ధతులు కల్పించినారు. రెండవ బోధన వేరుసెనగను గూర్చినది. లోహము శ్వాసనాళమున కొంతకాలము ఊరక ఉండవచ్చును. గింజ అట్లుండదు; తడిసి ఉబ్బును, దాని నూనె గోడలను మండించును. ఇంకను మోసకరమైన సంగతి మరొకటి ఉన్నది. మొదటి దగ్గు తెర అయిపోయిన పిదప బిడ్డ కొన్ని గంటలు, కొన్ని దినములు కూడ నెమ్మదిగా ఉండును. ఇంటివారు గండము గడచినదనుకొందురు. ఆ తరువాత జ్వరము, పిల్లికూతలు, ఎడతెగని దగ్గు. అది ఉబ్బసమనియో, నెమ్మనియో భావించి వారముల తరబడి మందులు మ్రింగించుట జరుగును. పప్పుగింజ ఎక్స్‌రే చిత్రములో సాధారణముగ కనబడదు కూడ. కనుక వైద్యునకు అన్నింటికంటె విలువైన ఆధారము తల్లి చెప్పెడి ఒక్క వాక్యము: “ఫలానినాడు పప్పులు తినుచుండగా పొలమారినది.”

జాక్సన్ జీవితములో ఒక ఘట్టము చెప్పక విడువజాలము. ఆనాటి అమెరికా వంటిండ్లలో పాత్రలు తోముటకు, మురికి కాలువలు శుభ్రపరచుటకు కాస్టిక్ క్షారమును ఉంచెడివారు. చూచుటకు పంచదారవలె ఉండెడిది. పిల్లలు నోట వేసికొనగా కంఠమును అన్ననాళమును కాలి, మానునప్పుడు ముడుచుకొని పోయెడివి. అట్లు నీటిచుక్క కూడ మింగలేని స్థితిలో ఒక పేద బాలికను ఆయన వద్దకు తెచ్చినారు. ఆయన గొట్టము పంపి అడ్డుపడిన పదార్థమును తీసి, ఆ ఇరుకు దారిని విప్పినారు. ఆ పిల్లకు గ్లాసుతో మంచినీరు ఇయ్యగా మెల్లగా త్రాగినది. గ్లాసు ప్రక్కకు నెట్టి, ఆయన చేతిని తీసికొని ముద్దు పెట్టుకొన్నదట. ఆ సంగతిని ఆయన తమ ఆత్మకథలో వ్రాసికొన్నారు. ఒక్కొక్క బిడ్డను బాగుచేయుట చాలదని ఆయన గ్రహించినారు. ఏండ్ల తరబడి వాదించి, అట్టి డబ్బాలపై విషమను హెచ్చరికయు, ప్రథమ చికిత్సయు ముద్రింపవలెనను శాసనమును సాధించినారు. అది 1927లో అమలునకు వచ్చినది. మరుగుదొడ్డి కడిగెడి ఆసిడ్‌ను కూల్‌డ్రింకు సీసాలో పోసి మూలను పెట్టు అలవాటు మన ఇండ్లలో ఎచ్చటనైన ఉన్నచో, ఆ పూటనే మానవలెను.

మన సీమకు మరల వత్తము. పూర్వము భీమడోలులో బిడ్డకు శ్వాసనాళమున గింజ పట్టినచో, ఆ విద్య తెలిసిన పెద్ద ఆసుపత్రి చాల దూరము. విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాల 1923లో ఏర్పడినది. గుంటూరు కళాశాల 1946లో, కాకినాడ రంగరాయ కళాశాల 1958లో వచ్చినవి. ఏలూరులోనే ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది 2023లో. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న మొదలైనది. దారి తగ్గినది, వాహనము వచ్చినది. ఈ నడుమ మరొక మేలు జరిగినది. వస్తువును తీసిన తరువాత కూడ ఊపిరితిత్తిలోను, కంఠములోను చీము పట్టి బిడ్డలు మరణించెడివారు. 1895లో మన పొరుగున భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే పరిశోధనాలయమునకు నాయకత్వము వహించుచుండగా, అచటి పరిశోధనల ఫలముగా ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వచ్చినది. టెట్రాసైక్లిను కుటుంబపు మందులలో అదియే మొదటిది. పెన్సిలిన్ మొదలుకొని వచ్చిన ఇట్టి మందులు జాక్సన్ గొట్టము చేయలేని పనిని పూర్తిచేసినవి. 1960ల నుండి హాప్‌కిన్స్ కటకములు గల దుర్భిణులు వచ్చి, శ్వాసనాళపు కొమ్మలు కూడ వైద్యునకు పట్టపగలువలె కనబడుచున్నవి.

గ్రుచ్చుకొను గాయములను గూర్చి వేరుగ చెప్పవలసి యున్నది. కొబ్బరి యీనె, ఐసుపుల్ల, పెన్సిలు, పండ్లుతోము బ్రష్షు, ఈల మొదలగునవి నోట పెట్టుకొని బిడ్డ పరుగెత్తి బోర్ల పడినచో, అంగిలి వెనుక భాగమున గాయమగును. చాలవరకు ఇవి వానియంతట అవే మానును. కాని ఆ అంగిలికి ప్రక్కగా, లోతున, మెదడునకు రక్తము తీసికొనిపోవు ధమని ఉన్నది. అరుదుగ దానికి దెబ్బ తగిలి నెత్తురు గడ్డకట్టును; దాని ఫలితము ఆ క్షణమున గాక, ఒకటి రెండు దినముల తరువాత కనబడవచ్చును. కనుక రక్తము ఆగినదని నిశ్చింతగా ఉండక, బిడ్డను వైద్యునకు చూపి, రెండు మూడు దినములు కనిపెట్టి ఉండవలెను. మగత, వాంతులు, ఒక ప్రక్క చెయ్యి కాలు బలహీనపడుట, మెడ వాపు, జ్వరము, గొంతు మారుట, వీనిలో ఏది కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. పుల్ల ఇంకను గ్రుచ్చుకొనియే ఉన్నచో ఇంటివద్ద పెరుకరాదు.

కాలము మారిన కొలది కంఠమునకు వచ్చెడి వస్తువులును మారును. చింతగింజలతో వామనగుంటలాడిన ఇంటిలో నేడు రిమోటు, ఆటబొమ్మ, గడియారము ఉన్నవి. వానిలో రూపాయి బిళ్లవంటి బ్యాటరీ ఉన్నది. అది నాణెము కాదు. అన్ననాళమున నిలిచినచో తడి తగిలి విద్యుత్తు ప్రవహించి, రెండు గంటలలోనే కణజాలమును కాల్చివేయగలదు. ఎక్స్‌రేలో దాని అంచు జంటగీతగా కనబడును. ఇది క్షణము ఆలస్యము చేయరాని సంగతి. విశేషమేమనగా, ఈ విషయమున తేనె మరల వైద్యులయెదుటికి వచ్చినది. జాక్సన్ పనిచేసిన ఫిలడెల్ఫియా నగరపు పిల్లల ఆసుపత్రి వైద్యులును తోటివారును 2018లో ప్రచురించిన పరిశోధనలో, బ్యాటరీ మింగిన పిమ్మట ఆసుపత్రికి చేరులోపల ఇచ్చిన తేనె కాల్పును కొంత తగ్గించగలదని జంతువులపై తేలినది. దీనిని బట్టి ఒక యేడు నిండిన, మింగగల బిడ్డకు, దారిలో పది నిమిషముల కొకసారి రెండు చెంచాల తేనె ఇయ్యవచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. యేడు నిండని శిశువునకు తేనె ఇయ్యరాదు. తేనె కొరకు ప్రయాణము ఆపరాదు. సుశ్రుతుడు తేనెను శల్యము తీసిన గాయమునకు చెప్పినాడు. నేటి ప్రయోజనము వేరు. రెండింటిని ఒకటిగా చూపి గర్వించుట చరిత్ర కాదు.

ఇక ఆ చేతుల ప్రశ్నకు వత్తము. బిడ్డ గట్టిగా దగ్గుచున్నచో, ఏడ్చుచున్నచో, గాలి ఆడుచున్నదని గుర్తు. దగ్గనిండు, దానికి మించిన సాధనము లేదు. నోట వ్రేలు పెట్టరాదు. కనబడని వస్తువు కొరకు కెలికిన వ్రేలు దానిని స్వరపేటికలోనికి నెట్టును, గోరు కంఠమును చీల్చును. వస్తువు కంటికి స్పష్టముగ కనబడి, సులభముగ అందునట్లున్నప్పుడు మాత్రమే తీయవలెను. దగ్గు రాక, శబ్దము రాక, పెదవులు నీలమగుచున్నచో క్షణము వృథా చేయరాదు. ఏడాదిలోపు శిశువైనచో, ముంజేతిపై బోర్ల పరుండబెట్టి, దవడను పట్టి, తల రొమ్ముకంటె పల్లముగ ఉంచి, రెండు మూపుల నడుమ అరచేతి మడమతో అయిదు దెబ్బలు కొట్టవలెను. రాకున్నచో వెల్లకిల త్రిప్పి, రొమ్ము నడుమ అయిదు నొక్కులు నొక్కవలెను. వస్తువు వెలికి వచ్చువరకు ఇట్లు మార్చి మార్చి చేయవలెను. ఏడాది దాటిన బిడ్డకు అయిదు వీపు దెబ్బలు, పిదప వెనుకనుండి పట్టుకొని బొడ్డునకు పైన లోనికి పైకి అయిదు నొక్కులు. ఈ నొక్కును 1974లో అమెరికా వైద్యుడు హెన్రీ హైమ్లిక్ ప్రచారములోనికి తెచ్చినారు. కాలేయమునకు గాయమగునను భయముచే శిశువులకు దీనిని వాడరు. ఇంతలో మరొకరు 108కి ఫోను చేయవలెను. బిడ్డ స్పృహ తప్పినచో గట్టి నేలపై పరుండబెట్టి, రొమ్ము నొక్కుచు ఊపిరి పోయుట ప్రారంభింపవలెను. ఊపిరి బాగుగ ఆడుచు ముల్లు మాత్రము గ్రుచ్చుకొన్నచో, ముద్దలు మింగింపక వైద్యునివద్దకు తీసికొనిపోవలెను. చొంగ కారుచున్నను, మింగలేకున్నను, నెత్తురు కనబడినను అది అత్యవసరమే.

ప్రమాదము రాకుండ చూచుట అన్నింటికంటె సులభము. నాలుగైదేండ్లు నిండువరకు గింజపప్పులను పొడిచేసి గాని పెట్టరాదు. సీతాఫలము, చింతపండు గింజ తీసి పెట్టవలెను. బిడ్డను కూర్చుండబెట్టి తినిపింపవలెను. నవ్వించుచు, పరుగెత్తించుచు, భయపెట్టుచు కాదు. పిన్నీసును మొలత్రాటికి తగిలింపరాదు. బొమ్మ కొనునప్పుడు ప్రమాణముద్ర చూడవలెను. మన దేశమున 2021 జనవరి 1 నుండి ఆటబొమ్మలకు అది తప్పనిసరి అయినది. బ్యాటరీ మూత మరతో బిగించి ఉన్నదో లేదో మన చేతులతో చూచుకొనవలెను.

సుశ్రుతుడు కాల్చిన శలాకకు ముందుగా గొట్టమును పంపినాడు. గార్షియా అద్దమును పెట్టినారు. కిలియన్, జాక్సన్ దీపమును పెట్టినారు. ఇన్ని తరములు ఇంత శ్రమపడి నేర్చుకొన్నది, బిడ్డకు సాయపడెడి చేయి తానే గాయము చేయకుండుట. ఆసుపత్రిలోని ఆ దీపము మన ఇండ్లలో లేదు. లేనప్పుడు వ్రేలిని నోటికి దూరముగ ఉంచి, అరచేతిని వీపుపై వేయుట మనకు తెలియవలెను. రేపటి భోజనమున పళ్లెము ముందు కూర్చుండునప్పుడు, బిడ్డకు ముద్ద కలుపునప్పుడు, ఇంటిలోని పెద్దలందరు ఈ సంగతి ఒకరి కొకరు చెప్పుకొందురుగాక.